నిలువుగా చదవని పట్టిక

ట్రాన్సితో ఫారినాంగో ముక్కుకు తిరుగులేదు. క్వీటోలోని రెఫరెన్స్ ల్యాబులో ఇరవై ఏడేళ్ళుగా ఆమెది ఒకటే పని: పూలతోటల్లో పురుగుమందు కొట్టే మనుషుల రక్తంలో ఒక ఎంజైము ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలవడం. ట్యూబులొచ్చిన పెట్టె మూత తీయగానే, చీటీ చూడకుండా అది ఏ తోటదో చెప్పేది. కొన్నిటికి తడిసిన అట్ట వాసన. దొన్ ఎవెరార్దో తోట ట్యూబులకు మాత్రం కుళ్ళిన వెల్లుల్లి కంపు. అది రక్తం వాసన కాదు. రక్తం తీసే గది గుమ్మంలోనే మందు కలిపే తొట్లు పెట్టుకున్నవాళ్ళ సంస్కారం వాసన. ట్యూబుల మీది జిడ్డును స్పిరిట్‌తో తుడుస్తూ ఆమె ప్రతిసారీ అనేది: "థూ, వీళ్ళ మొహాలు మండ. వీళ్ళకన్నా పందులు నయం."

ఆ ఎంజైము సంగతి చెప్పడానికి పెద్ద చదువక్కర్లేదు. కదలమని నరం కండకు కబురు పంపుతుంది. పని కాగానే ఆ కబురును చెరిపేసేది ఈ ఎంజైము. పురుగుమందు లోపలికి పోయి దీన్నే పట్టుకుంటుంది. చెరపవలసిన కబురు చెరగదు. చెయ్యి వణుకుతుంది, నోట్లో నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, కంటిపాప ఆవగింజంత అయిపోతుంది, చివరికి ఊపిరి తీసే కండలు అలసిపోయి ఊరుకుంటాయి. ట్రాన్సితో ఎర్రకణాలను కడిగి, పగలగొట్టి, అందులో రసాయనం వేస్తుంది. ఎంజైము బాగుంటే పసుపు రంగు చకచకా ముదురుతుంది. చచ్చుబడితే ఎంతసేపు చూసినా వెలవెలబోతూనే ఉంటుంది. రంగు ముదిరిన వేగాన్ని బట్టి యంత్రం అంకె వేస్తుంది.

అయితే ఈ అంకె అందరికీ ఒకేలా ఉండదు. ఒకడు నలభైతో పుడతాడు, ఒకడు ఇరవై అయిదుతో పుడతాడు, ఇద్దరూ గుండ్రాళ్ళలా ఉంటారు. అందుకని మందు తాకకముందే ప్రతివాడి రక్తం ఒకసారి తీసి, దాన్ని మొదటి అంకెగా రాసుకుంటారు. తర్వాత మూడు నెలలకోసారి తీసి ఆ మొదటి అంకెతో పోలుస్తారు. ముప్పై శాతం పడిందంటే మర్నాటినుంచి ఆ మనిషి మందు దరిదాపులకు పోకూడదు. పట్టికలో మనిషికొక అడ్డవరస. "ఎవడి వరసలో వాణ్ణి చూడండి, పక్కవాడి జోలికి పోకండి" అన్నది ఆమె తన కింద చేరిన ప్రతి పిల్లకీ నేర్పిన మొదటి పాఠం. ఈ పాఠాన్ని తల్చుకుని ఆమె తర్వాత చాలాసార్లు తన నోటిని తానే తిట్టుకుంది.

ఆమె తమ్ముడు అబ్దోన్ ఈ దొన్ ఎవెరార్దో తోటలోనే మందు కొడతాడు. తల్లి పోయినప్పుడు వాడికి ఏడాది, ఆమెకు పద్నాలుగేళ్ళు. శాలువాలో వీపుకు కట్టుకుని బంగాళదుంపలు తవ్వింది, బడికి పోయింది, పంతులమ్మతో చీవాట్లు తింది. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడు "వీడితో కలిపి చేసుకుంటారా?" అని అడిగేది. ఎవరూ చేసుకోలేదు. ఆ ముచ్చట అంతటితో సరి.

జనవరి చివర్లో ఒక ఆదివారం అబ్దోన్ మనవరాలి బాప్తిజానికి ఆమె పూలతోటలున్న కాయంబే ఊరికి వెళ్ళింది. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజు. దానికోసం విదేశాలకు గులాబీలు పంపాలి కాబట్టి, జనవరిలో ఆ తోటల్లో వారానికి ఆరు రోజులూ మందే. భోజనాల దగ్గర అబ్దోన్ సూపు తాగుతున్నాడు. చెంచా నోటిదాకా వెళ్ళేసరికి సగం చొక్కా మీదే ఉంది. మధ్యమధ్య తల పక్కకు తిప్పి ఉమ్ముతున్నాడు, మళ్ళీ నోరు నిండుతోంది. పాపను చేతికిస్తే "వద్దమ్మా, నా చేతులు మంచివి కావు" అని కూతురికి తిరిగి ఇచ్చేశాడు.

"ఇటు చూడరా" అంది ట్రాన్సితో. వాడి మొహం వెలుతురు వైపు తిప్పి కళ్ళలోకి చూసింది. పట్టపగలు అందరికీ కంటిపాపలు చిన్నవే. నీడలోకి లాక్కెళ్ళి చూసింది. అక్కడా ఆవగింజలే.

"జలుబక్కా, ఏం లేదు."

"జలుబుకి కళ్ళు చిన్నవవుతాయని ఏ డాక్టరు చెప్పాడ్రా నీకు? రేపు మీ తోట ట్యూబులొస్తాయి. నీ అంకె పడి ఉంటుంది. మంగళవారం నుంచి నువ్వు మందు ముట్టడానికి లేదు."

అబ్దోన్ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

సోమవారం పెట్టె వచ్చింది. ఆమె అన్నిటికన్నా ముందు తమ్ముడి ట్యూబే పెట్టింది. పసుపు చకచకా ముదిరింది. ముప్పై నాలుగు పాయింటు రెండు. మొదటి అంకె కూడా ముప్పై నాలుగే. యంత్రం చెడిందేమోనని తెలిసిన నమూనా పెట్టి చూసింది. యంత్రం సుబ్బరంగా ఉంది. మళ్ళీ పెట్టింది. ముప్పై నాలుగు పాయింటు ఒకటి. చెంచా పట్టుకోలేనివాడి రక్తం ఇంత దివ్యంగా ఉండటమేమిటి?

అప్పుడు ఆమె ఇరవై ఏడేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. పట్టికను నిలువుగా చదివింది. తమ్ముడి ముఠాలో మందు కొట్టేవాళ్ళు తొమ్మిదిమంది. ముప్పై నాలుగు పాయింటు మూడు, ముప్పై నాలుగు, ముప్పై నాలుగు పాయింటు రెండు... తొమ్మిది వరసల్లోనూ అదే. పాత పట్టికలు తీసింది. రెండేళ్ళుగా అదే. తొమ్మిది మంది మనుషులు, ఒక్కటే అంకె. ఒక్క తల్లి కడుపున ఒక్క గంటలో పుట్టినా అలా రావు. ప్రతి పట్టిక అడుగునా "సరిచూసితిని" అని తన సంతకం, గుండ్రంగా, ముద్దుగా. ఆమె వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, మళ్ళీ ఆ సంతకం చూసి, మళ్ళీ వెళ్ళి మొహం కడుక్కుంది.

మంగళవారం సెలవు పెట్టి తోటకు వెళ్ళింది. ముఠా అంతా గాజుపందిళ్ళ వెనక కూర్చుని ఉడికించిన మొక్కజొన్నలు తింటోంది. మందు కొట్టిన చేతులతోనే. వాళ్ళతోపాటు తోట బస్సు డ్రైవరు ఫావియో కూడా ఉన్నాడు. ఎర్రగా, బలంగా, దుక్కిటెద్దులా ఉంటాడు. మిగతావాళ్ళ మధ్య వాడొక్కడే మనిషిలా కనిపించాడు. చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"ఏరా ఫావియో, నీ ఒంట్లో ఎంతమంది కాపురం ఉంటున్నార్రా?"

ఎవడో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు. ఫావియో తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూశాడు. ముఠా పెద్ద గ్వాల్బెర్తో లేచి ఆమెకు బోర్లించిన బకెట్టు వేశాడు. "కూర్చో అక్కయ్యా, కోప్పడకు. రెండు గింజలు తిను ముందు."

"నీ గింజలు నువ్వే తిను, ఆ మందుతో సహా. రక్తం ఎవరిది? అది చెప్పు."

గ్వాల్బెర్తో దాచలేదు. దాచవలసినది అని వాడికి తోచినట్టే లేదు. "మాకిమానాచి అక్కయ్యా. నీకు తెలీందేముంది?" అన్నాడు. తెలియకేం. ఇవాళ నువ్వు నా దుంపలు తవ్వు, రేపు నేను నీ బార్లీ కోస్తాను. చేతులు బదులిచ్చుకోవడం ఆ కొండల్లో తాతల నాటి మర్యాద. ఆ మర్యాదతోనే ఇళ్ళు లేచాయి, కాలవలు పారాయి. రెండేళ్ళ కిందట ఈ ముఠాలో ఇద్దరి అంకెలు పడ్డాయి. వాళ్ళను మందునుంచి తప్పించి పెంటకుప్ప దగ్గర వేశారు, సీజను మారగానే గేటు బయటే ఆపేశారు. అది చూసి మిగిలినవాళ్ళు, కొత్తగా చేరిన ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. మొదటి అంకెల చిట్టా పోయిందని చెప్పి అందరివీ కొత్తగా తీయించుకున్నారు. ఫావియో పందిళ్ళలోకి పోడు, మందు గాలి కూడా సోకదు. వాడు తొమ్మిదిమందికీ రక్తం బదులిస్తాడు. వాడి పొలం పని తొమ్మిదిమందీ చేసిపెడతారు. రక్తం తీసిన రోజు వాడికి ఒక కుయ్‌ని, ఆ కొండల్లో పెంచుకు తినే గినీపందిని, కాల్చిపెడతారు, బలానికి.

"నర్సమ్మ చూడదా?"

రక్తం తీసే గది గుమ్మంలో నిలబడి వింటున్న నర్సు నెలీ తనే జవాబు చెప్పింది. "నాకు చెయ్యి చాపుతారు, నేను సూది వేస్తా. మొహాలు చూడమని నా కాగితంలో ఎక్కడా లేదు."

అంతలో దొన్ ఎవెరార్దో జీపు ఆగింది. ల్యాబు నుంచి వచ్చిన మనిషని ఎవరో చెప్పారు కాబోలు, దిగి వచ్చి పాతిక గులాబీలు ఆమె చేతుల్లో పెట్టాడు. "రెండేళ్ళుగా మా తోటలో ఒక్కడి అంకె పడలేదమ్మా. విదేశాల వాళ్ళు మెచ్చుకుని పత్రం ఇచ్చారు. అంతా మీ సంతకం చలవ." ఫావియో వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, తెలిసీ తెలియనట్టు నవ్వాడు. ఆ నవ్వు మీద ఉమ్మెయ్యాలనిపించింది ఆమెకు. అలా అని ఒక్కడిమీద ఉమ్మితే సరిపోతుందా? తిలా పాపం తలా పిడికెడు. అందులో ఆమె పిడికిలి చిన్నదేం కాదు. గులాబీలను పెంటకుప్ప మీద విసిరి తమ్ముడి ఇంటికి నడిచింది.

పని దిగి అబ్దోన్ వచ్చేసరికి నీళ్ళు, సబ్బు, సూది సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "వద్దక్కా. నాది తీస్తే మిగతా ఎనమండుగురూ దొరికిపోతారు. మాటిచ్చా."

"నువ్వు చస్తే వాళ్ళే మోస్తార్లే. అది కూడా వంతులేసుకుని."

"అలా అనకు."

"మరెలా అనమంటావురా? మనవరాల్ని ఎత్తుకోడానికి పనికిరావని నీ నోటితో నువ్వే అన్నావే, అప్పుడు నాకెట్లా ఉంటుందనుకున్నావు? చెయ్యి చాపు."

అబ్దోన్ లోపలికి వచ్చాడు. కూర్చుని చొక్కా చెయ్యి మడిచాడు. ఆమె ఆ చేతిని మూడుసార్లు సబ్బుతో రుద్ది కడిగింది. మూడోసారి కూడా నీళ్ళలో వెల్లుల్లి కంపు కొట్టింది. తన చేతులతో పెంచిన ఒళ్ళు అలా కంపు కొడుతుంటే ఆమెకు ఏడుపు రాలేదు, రోత పుట్టింది. ఆ రోతకు మళ్ళీ సిగ్గుపడింది.

బుధవారం యంత్రం వేసిన అంకె: పద్నాలుగు.

ల్యాబు పెద్ద డాక్టర్ సాల్గెరో మంచివాడే, మంచితనం తన కుర్చీకి నాలుగడుగులు దాటదు. అంతా విని, తోట డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, తలుపు మూశాడు. "చూడండి ట్రాన్సితోగారూ, రెండే దారులు. మొదటి అంకె మీ తమ్ముడిది కాదని రాశారనుకోండి, అప్పుడు ఈ పద్నాలుగుని దేంతో పోలుస్తాం, పాత చిట్టా పోయిందాయె? కొందరు పుట్టుకతోనే తక్కువతో పుడతారు, రుజువేది అంటాడు వాళ్ళ డాక్టరు. విచారణంటారు, అది తేలేసరికి మే వస్తుంది. ఈలోగా మీవాడు మందు కొడుతూనే ఉంటాడు."

"రెండోది?"

"పట్టికలో ముప్పై నాలుగు అతని పేరుమీదే ఉంది. ఉండనివ్వండి. ముప్పై నాలుగు నుంచి పద్నాలుగు అంటే సగం కన్నా ఎక్కువ పడినట్టు. రేపు పొద్దున్నే అతన్ని తప్పించక తప్పదు. మీరు సంతకం పెట్టాలి, అంతే."

"మిగతా ఎనమండుగురు?"

సాల్గెరో కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ట్యూబులో వచ్చింది కొలవడమే మన పని."

కంచే చేను మేసినట్టుంది. ఆమె కాగితం ముందు పెట్టుకుని అరగంట కూర్చుంది. ఫావియో రక్తం అంకె తన తమ్ముడిదేనంటూ, కాదని తెలిసి తెలిసీ సంతకం పెట్టింది. ఇన్నాళ్ళూ తెలియక పెట్టింది, ఇప్పుడు తెలిసి పెట్టింది, అదొక్కటే తేడా. ఎనమండుగురిని మందులో వదిలేసి ఒక్కణ్ణి బయటికి లాగింది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆమెకు తనంటే కలిగినంత అసహ్యం దొన్ ఎవెరార్దో అన్నా కలగలేదు.

అబ్దోన్‌ను పెంటకుప్ప దగ్గరకు మార్చారు. రెండు వారాలకోసారి ఆమె వెళ్ళి రక్తం తీసేది. వెళ్ళినప్పుడల్లా కోడి పులుసు, గుడ్లు, కాలేయం మోసుకుపోయేది. వాటికీ ఎంజైముకూ సంబంధం లేదని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ దేశంలో లేరు. అయినా మోసుకుపోయింది. పద్దెనిమిది. ఇరవై రెండు. ఇరవై ఆరు. ఏప్రిల్ చివర ఇరవై తొమ్మిది పాయింటు ఆరు. మనవరాలిని భుజాన వేసుకుని అబ్దోన్ బస్సు దాకా వచ్చి సాగనంపాడు. దారంతా ఆమె బస్సులో తనలో తనే నవ్వుకుంది. చేసిన పాపం ఫలించింది అనుకుంది.

మే మొదటివారంలో, అమ్మల పండగ గులాబీల ముందు, మళ్ళీ పెట్టె వచ్చింది. ముఠావి ఎనిమిది ట్యూబులు. ముప్పై నాలుగే వస్తుందని తెలుసు. ఆ ఎనిమిది వరసలూ కళ్ళు మూసుకుని దాటెయ్యడానికే సిద్ధపడి కూర్చుంది. మొదటిది ఇరవై తొమ్మిది పాయింటు అయిదు. రెండోది ఇరవై తొమ్మిది పాయింటు ఏడు. మూడోది ఇరవై తొమ్మిది పాయింటు ఆరు. ముప్పై నాలుగుతో పోలిస్తే పదమూడు శాతమే పడింది కాబట్టి నిబంధన ప్రకారం అందరూ క్షేమం. కానీ ఆ అంకె ఎవరిదో ఆమెకు పట్టిక చెప్పక్కర్లేదు. పదిరోజుల కిందట ఆ అంకె చూసుకునే కదా బస్సులో నవ్వుకుంది.

ఫోన్ చేసింది. అబ్దోన్ దాచలేదు. "ఫావియో వంతు అయిపోయిందక్కా. ఇప్పుడు నాదే కదా మంచి రక్తం. రెండేళ్ళు నాకోసం వాడిచ్చాడు. నేను ఒక్క పూట ఇవ్వకపోతే మనిషినా?"

"అది నేను బాగుచేసిన రక్తంరా."

"అందుకే ఇచ్చా. మంచిదని."

ఆమె మరో సంగతి అడిగింది. "నువ్వు చెయ్యి చాపినప్పుడు గ్వాల్బెర్తో అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఎలా ఉన్నాడు?"

"నోరు తుడుచుకుంటా కూచున్నాడు. లేవమంటే లేవలేకపోయాడు."

ఆమె ఫోన్ పెట్టేసి ఎనిమిది వరసలనూ కొట్టేసింది. కింద రాసింది: "ఈ ఎనిమిది ట్యూబుల్లో ఉన్నది అబ్దోన్ ఫారినాంగో రక్తం. నేను అతని అక్కను. అతని మొదటి అంకె అతనిది కాదని తెలిసే జనవరిలో సంతకం చేశాను. రెండేళ్ళ పట్టికలూ చెల్లవు. ఎనిమిదిమందినీ ఈరోజే మందునుంచి తప్పించి ఆసుపత్రిలో చూపించాలి. ముప్పై రోజులు దూరంగా ఉంచి, మొహాలు చూసి రక్తం తీయాలి."

సాల్గెరో చదివి తెల్లబోయాడు. "ఇది బయటికెళ్తే ఆ ఊళ్ళో మీకు మంచినీళ్ళు పుట్టవు. మీ తమ్ముడే మీ మొహం చూడడు."

"చూడకపోతే పోనివ్వండి. చూడటానికి కళ్ళయినా మిగిలాయి వాడికి."

ఆయన ముద్ర వెయ్యనన్నాడు. ఆమె ముద్ర లేకుండానే కార్మిక శాఖ ఆఫీసుకు కాగితం స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చింది. అక్కడి గుమాస్తా ముద్రేదని అడిగాడు. ఆమె వేసిన కేకకు ఆఫీసంతా లేచి నిలబడింది. ఆ సాయంత్రమే కార్మిక శాఖ జీపు తోటకు కదిలింది. గ్వాల్బెర్తో రక్తం ఆసుపత్రిలో తీశారు. తొమ్మిది. బతికాడు. ఎడమచెయ్యి ఇప్పటికీ స్వాధీనంలో లేదు. తోటకిచ్చిన పత్రాన్ని ఏడాదిపాటు ఆపారు. దొన్ ఎవెరార్దో ముఠా మొత్తాన్నీ, అబ్దోన్‌తో సహా తీసేసి, కొత్తవాళ్ళను పెట్టుకున్నాడు. ట్రాన్సితోను యంత్రం దగ్గరనుంచి తప్పించి పెట్టెలు విప్పే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఊళ్ళో ఎవరూ ఆమెతో మాట్లాడరు. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంటుంది.

అబ్దోన్ కొన్నాళ్ళు ఖాళీగా తిరిగాడు. తర్వాత పక్క ఊరి తోటలో చేరాడు. మందు కొట్టడానికే. వాడికి వచ్చిన పని అదొక్కటే. అక్క ఫోన్ చేస్తే తియ్యడు. నాలుగేళ్ళయింది. కొత్త తోటవాళ్ళు మొహం చూసి, పేరు అడిగి రక్తం తీస్తారు. మూడు నెలలకోసారి అబ్దోన్ ఫారినాంగో అని రాసిన ట్యూబు ఆమె చేతి మీదుగా లోపలికి పోతుంది. సాయంత్రం యంత్రం దగ్గరి పిల్లను అంకె ఎంతని అడుగుతుంది. తమ్ముడి కబురు ఆమెకు తెలిసేది అంతవరకే. మొదటిసారి ముప్పై ఒకటి. నిరుడు ఇరవై ఏడు. మొన్న ఇరవై నాలుగు. ముప్పై శాతం ఇంకా పడలేదు కాబట్టి, నిబంధన ప్రకారం ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు.